ఎంటీయూ తేల్చడానికి పింగ్, ట్రేస్‌పాత్, నెట్‌ష్: ఏళ్ల వాడకం తర్వాత

రౌటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడితేనే నెట్ వచ్చే పీపీపీఓఈ కనెక్షన్లు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంకా ఉన్నాయి. వాటి మీద ఆఫీస్ వీపీఎన్ నడిపేవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. పింగ్‌కు (అవతలి మెషిన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) జవాబు వస్తుంది, వీపీఎన్ కలుస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరపు మెషిన్‌లోకి లాగిన్ కూడా అవుతుంది. అక్కడి పెద్ద ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా కోసం ఎల్‌ఎస్ కొట్టగానే స్క్రీన్ బిగుసుకుపోతుంది. చిన్న ప్యాకెట్లు, అంటే డేటా మూటలు, దాటుతున్నాయి, పెద్దవి దారిలోనే పోతున్నాయి. అప్పుడు చూడాల్సింది స్పీడ్ కాదు, ఎంటీయూ, అంటే ముక్కలు చేయకుండా దాటగలిగే ప్యాకెట్ గరిష్ఠ సైజు.

ముందు లెక్క. ఈథర్‌నెట్‌లో 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ హెడర్లకు (డేటా ముందు తగిలించే చిరునామా చీటీల్లాంటివి) 8 పోతే మిగిలేది 1492. పింగ్‌కు మనం ఇచ్చే సైజు మొత్తం ప్యాకెట్‌ది కాదు, లోపలి డేటాది. ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ కబుర్లు మోసే ప్రోటోకాల్) హెడర్ 8, వెరసి 28 తీసేయాలి. అంటే 1500కి 1472, 1492కి 1464. 1464 పోయి 1465 ఆగిందంటే ఆ దారి ఎంటీయూ 1492 అని తేలిపోయినట్టే.

పింగ్ నమ్మకమైన పనిముట్టే. దాని ఆప్షన్లే ప్రాణం తీస్తాయి. ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని చెప్పడానికి లినక్స్‌లో ‘పింగ్ -ఎం డూ -ఎస్ 1464’, ఎం పెద్ద అక్షరం. విండోస్‌లో ‘పింగ్ -ఎఫ్ -ఎల్ 1464’. మ్యాక్‌లో పెద్ద డీ, పక్కన -ఎస్. విండోస్ అలవాటుతో లినక్స్‌లో -ఎఫ్ కొడితే అది ఫ్లడ్ పింగ్, ఆగకుండా ప్యాకెట్లు గుప్పిస్తుంది. మ్యాక్ అలవాటుతో పెద్ద డీ కొట్టడం ఇంకా ప్రమాదం: లినక్స్‌లో దాని పని ప్రతి వరుసకూ టైమ్ వేయడమే. ఆప్షన్ తప్పని ఎర్రర్ ఏమీ రాదు, ప్యాకెట్ ముక్కలై వెళ్లి జవాబు తెచ్చేయొచ్చు, లైన్ బాగుందని మనం పొరబడతాం. సిస్కో ఐఓఎస్, మైక్రోటిక్ రౌటర్లలో పింగ్ సైజులో ఐపీ హెడర్ కలిసే ఉంటుంది కాబట్టి అక్కడ నేరుగా 1492 ఇవ్వాలి, 28 తీయకూడదు.

వచ్చిన జవాబును చదవడం కూడా రావాలి. ‘ఫ్రాగ్ నీడెడ్ అండ్ డీఎఫ్ సెట్’ (ముక్కలు చేయాలి, కానీ వద్దన్నారు) అని వస్తే దారిలో ఉన్న రౌటర్ నిజాయితీగా చెప్తోంది, ఆ వరుసలోనే దాని అడ్రస్ ఉంటుంది. ‘మెసేజ్ టూ లాంగ్’ అంటే ప్యాకెట్ మన మెషిన్ దాటనే లేదు. చిన్న సైజుకు జవాబిచ్చే అడ్రస్ పెద్ద సైజుకు మౌనంగా ఉంటే మాత్రం చిక్కు: ఆ ‘ముక్కలు చేయాలి’ కబురును, అంటే ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 మెసేజ్‌ను, ఎవరో ఫైర్‌వాల్‌లో ఆపేశారని మొదటి అనుమానం. ఐసీఎంపీ మొత్తం మూసేస్తే భద్రత అనుకునేవాళ్లు ఈ ఒక్క మెసేజ్‌నైనా దాటనివ్వాలి.

నా ఓటు లినక్స్‌లోని ట్రేస్‌పాత్ కమాండ్‌కు. రూట్ అనుమతి అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. ‘ట్రేస్‌పాత్ -ఎన్’ అని అడ్రస్ ఇస్తే ఏ హాప్ (దారిలోని రౌటర్) దగ్గర పీఎంటీయూ, అంటే దారి ఎంటీయూ, 1500 నుంచి 1492కి పడిందో అక్కడే చూపిస్తుంది. ఐసీఎంపీ మూసిన చోట మాత్రం ‘నో రిప్లై’ అంటూ 30 హాప్‌ల దాకా లాగుతుంది. అప్పుడు మళ్లీ పింగే గతి: 1400 పోయి 1464 పోకపోతే 1432, అలా సగం సగం చేసుకుంటూ పోవాలి.

విండోస్‌లోని నెట్‌ష్ కమాండ్ ఎంటీయూ చూడటానికి పర్వాలేదు, మార్చడానికి విసుగు. ‘నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో సబ్‌ఇంటర్‌ఫేసెస్’ కొడితే పట్టిక వస్తుంది. అందులో వీపీఎన్ అడాప్టర్‌ది వేరే వరుస. చాలామంది వైఫై వరుస మార్చి వదిలేస్తారు. సెట్ చేసేటప్పుడు అడ్మిన్ విండో కావాలి, పేరులో ఖాళీ ఉంటే కోట్స్ పెట్టాలి, చివర ‘స్టోర్=పర్సిస్టెంట్’ రాస్తే రీస్టార్ట్ తర్వాతా మార్పు నిలుస్తుంది. ఐపీ కొత్త వెర్షన్ ఐపీవీ6కి విడిగా మళ్లీ చేయాలి.

అసలు మందు రౌటర్‌లో ఉంది. అక్కడ ఎంఎస్‌ఎస్ క్లాంప్ (టీసీపీ ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటాకు పరిమితి) ఆన్ చేస్తే ఐపీవీ4 టీసీపీ, హెడర్ల 40 తీసేసి, 1452కి సర్దుకుంటుంది, ఇంట్లో ఒక్కో ల్యాప్‌టాప్‌నూ ముట్టుకోనక్కర్లేదు. అయితే ఇది టీసీపీ వరకే. టీసీపీ కాకుండా యూడీపీ అనే వేరే ప్రోటోకాల్ మీద నడిచే వైర్‌గార్డ్ వీపీఎన్ ప్యాకెట్లకు దీనివల్ల ఉపయోగం లేదు. దాని మామూలు ఎంటీయూ 1420. బయటి దారి ఐపీవీ4 అయితే పై హెడర్లకు 60 కలిపి 1480, పీపీపీఓఈలో దూరుతుంది. ఐపీవీ6 అయితే 80 కలిపి 1500, దూరదు. 1412 పెట్టాలి. అదే ల్యాప్‌టాప్ ఒక నెట్‌వర్క్‌లో పనిచేసి ఇంకో దాంట్లో బిగుసుకుపోవడానికి ఇదొక కారణం.

మార్చాక లినక్స్‌లో పాత అంకెలే కనిపిస్తే కంగారు వద్దు. నేర్చుకున్న ఎంటీయూను అది మామూలుగా 600 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. ‘ఐపీ రూట్ గెట్’ కొట్టి మిగిలిన సెకన్లు చూడండి, లేదా ‘ఐపీ రూట్ ఫ్లష్ క్యాష్’ కొట్టి మళ్లీ పరీక్షించండి.