కడియం నర్సరీల్లో పండ్ల మొక్కలు: ఏం కొనాలి, ఏం చూసి కొనాలి

పెరట్లోనో మేడ మీదో నాలుగు పండ్ల మొక్కలు పెట్టుకుందాం అనుకునేవాళ్లు ఎవరడిగినా నేను కడియమే వెళ్లమంటాను. ఒక్క షరతు మాత్రం పెడతాను, మొక్కకు వేలాడే కాయలు చూసి కొనొద్దు, అంటు (వేరే మొక్క కాండానికి మంచి రకం కొమ్మను అతికించి కట్టింది) చూసి కొనండి. ఇప్పటికి చాలాసార్లు వెళ్లొచ్చాను, మా విజయవాడ ఇంట్లో ఉన్న నిమ్మ, జామ, దానిమ్మ, సపోటా, మామిడి అన్నీ అక్కడివే, కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

తెలియనివాళ్ల కోసం, రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువ నీళ్లు వస్తాయి, నేల గోదావరి ఒండ్రు, పైగా అంట్లు కట్టడం అక్కడ కొన్ని కుటుంబాల్లో తాతల నాటి నుంచి వస్తున్న పని. రోడ్డు మీదున్న పెద్ద నర్సరీలు చూడ్డానికి బాగుంటాయి గానీ అక్కడ ముందు వరసంతా పూల మొక్కలూ అలంకరణ మొక్కలే, పండ్ల మొక్కలు కావాలంటే కాస్త లోపలికి, ఊళ్లోకి వెళ్లండి, అక్కడ అంట్లు కట్టేవాళ్లతోనే నేరుగా మాట్లాడొచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మాటలే. ఒక నర్సరీలో మామిడి అంటు ఎంచుకుంటుంటే పనిచేసే పెద్దాయన వచ్చి, "ఆయ్, అది మొన్న మొన్న కట్టిందండి, ఇంకా సరిగ్గా అతకలేదు, ఇటు పక్కది తీసుకెళ్లండి" అని వేరేది చేతికిచ్చారు. కొనేవాడి మంచి కోరి అలా చెప్పేవాళ్లు ఉండబట్టే నేను మళ్లీ మళ్లీ వెళ్తున్నాను. రకాల సంగతి చెప్పక్కర్లేదు. కుండీలో మామిడి కావాలంటే ఆమ్రపాలి అడగండి, అది దశేరీ, నీలం రెండిటినీ కలిపి ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో తయారు చేసిన రకం, చెట్టు పెద్దగా ఎదగదు, సగానికి కోసిన డ్రమ్ములో కూడా కాస్తుంది. నిమ్మలో తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం దొరికితే వదలకండి, ఆకుల మీదా కాయల మీదా గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. జామ, దానిమ్మ కొమ్మ అంట్లు, అంటే చెట్టు మీదే కొమ్మకు వేర్లు పట్టించి కోసినవి, తీసుకుంటే తొందరగానే కాపుకొస్తాయి.

ఇక అంటు చూడడం. మామిడికి మట్టి పైన జానెడు ఎత్తులో అతుకు కనపడాలి, అక్కడ కాండం గట్టిగా ఉండాలి, కట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ కాండంలోకి దిగిపోయి ఉండకూడదు. అతుకు కింద నుంచి చిగుళ్లు వచ్చి ఉంటే అవి కింది మొక్కవి, మీరు డబ్బిచ్చి కొన్న రకానివి కావు, ఇంటికి తెచ్చాక కూడా అవి ఎప్పుడు కనపడినా తుంచేయాల్సిందే, లేకపోతే ఏడాది తిరిగేసరికి కింది మొక్కే చెట్టయి కూర్చుంటుంది. ఇది ఏ నర్సరీలోనూ ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, అడిగితేనే చెప్పారు.

నచ్చనివీ ఉన్నాయి. కాయలతో ఉన్న పెద్ద మొక్కలు ముందు పెట్టి, చిన్న అంటుకు నాలుగైదు రెట్లు ధర చెప్తారు. అలాంటి మొక్కకు కవర్లో వేర్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి, ప్రయాణం కుదుపులకు కాయలు రాలిపోతాయి, కొత్త మట్టిలో కుదురుకోవడానికి చాలా కాలం పడుతుంది. మోకాలెత్తు అంటు తెచ్చి మొదటి ఏడాది పూత గిల్లేస్తే దానికంటే ముందే నిలదొక్కుకుంటుంది. రెండోది పేర్ల గందరగోళం. గింజల్లేని నిమ్మ అని ట్యాగ్ కట్టి ఇచ్చిన మొక్క మా ఇంట్లో కాస్తే కాయ నిండా గింజలే. కాపు వచ్చాక గానీ తెలియని విషయం ఇది, అప్పుడు ఎవర్ని అడుగుతాం? అందుకే బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే పక్క నర్సరీకి వెళ్లండి, కడియంలో నర్సరీలకు కరువు లేదు.

మూడోది మట్టి. నేను తెచ్చిన చాలా మొక్కలకు కవర్లో బంకమట్టి ముద్దలా గట్టిగా ఉంది. లారీలో కుదుపులకు విడిపోకుండా అది పనికొస్తుంది, కానీ అదే ముద్దను మనం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు కలిపిన తేలికపాటి మట్టిలో పెడితే పోసిన నీళ్లన్నీ చుట్టూ జారిపోతాయి, లోపల వేర్లు మాత్రం ఎండుతూనే ఉంటాయి. పైన తడి కనిపిస్తుంటే మొక్క ఎందుకు వాడిపోతోందో అర్థం కాక టెన్షన్ పడతాం. నాటే ముందు ఆ ముద్దను కాసేపు నీళ్లలో ఉంచి, అంచుల్లో మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేయండి, నడిమి ముద్ద మాత్రం విడిపోకూడదు. పెట్టాక మొదటి రోజుల్లో నీళ్లు సరిగ్గా కాండం పక్కనే, ఆ ముద్ద మీదే పోయాలి.

కూరగాయల కోసమైతే అంత దూరం అక్కర్లేదు. టమాటా, వంగ, మిర్చి నారు ఇంట్లోనే ట్రేలో పోసుకోవచ్చు. బెండలో బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక విత్తనం చాలు, ఆకులు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు బాధ తక్కువ. మునగ కూడా పీకేఎం-1 అనే రకం విత్తనం వేస్తే ఏడాది లోపే కాస్తుంది, దానికి మొక్క కొని మోసుకురావడం దండగ.

వెళ్లే కాలం గురించి. సంక్రాంతి ముందూ వెనకా పూలతో అక్కడ కన్నులపండుగగా ఉంటుంది, చూడ్డానికైతే అప్పుడే వెళ్లండి. పండ్ల మొక్కలు కొనడానికి మాత్రం తొలకరి పడ్డాక, జూలై, ఆగస్టుల్లో వెళ్తే మేలు, తెచ్చిన మొక్క వానల్లో వేరు పట్టేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో డిక్కీ నిండా మొక్కలు వేసుకుని రావడం వాటిని ఉడకబెట్టడమే. మధ్యాహ్నం ఎంచుకుని పక్కన పెట్టించి, ఎండ తగ్గాక బండెక్కించుకుని రండి, రాగానే నాటకుండా వారం రోజులు నీడలో ఉంచండి. ఎక్కువ మొక్కలైతే మన ఊరి వైపు వెళ్లే లారీలో వేసి పంపే ఏర్పాటు కూడా కొందరు చేస్తారు, అడగండి.