బీఎస్సీ ఫిజిక్స్ క్లాసులో జూపిటర్ నోట్‌బుక్: ఏళ్ల తరబడి వాడాక

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కోవిడ్ ముందు నుంచీ బీఎస్సీ పిల్లలతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, జూపిటర్ నోట్‌బుక్ వాడిస్తున్నాను. మా కాలేజీలోనూ మొదలుపెట్టొచ్చా అని తోటి లెక్చరర్లు అడుగుతుంటారు. నా జవాబు: తప్పకుండా పెట్టండి. కాకపోతే మొదటి సెమిస్టర్‌లో వద్దు, అదే లెక్క కాగితం మీద ఒకసారి చేయించాకే.

తెలియనివారికి రెండు ముక్కలు. ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ అనే ప్రాజెక్టు నుంచి 2014లో విడిగా వచ్చిందే జూపిటర్. పాఠం, సమీకరణం, ప్రోగ్రాం, గ్రాఫ్ అన్నీ బ్రౌజర్‌లో ఒకే పేజీ మీద ఉంటాయి. ఉచితం.

క్లాసులో ఏం మారిందో చెప్పడానికి లోలకం చాలు. ‘కోణం చిన్నదైతే’ అనుకుని పుస్తకం ఆవర్తన కాలానికి సూత్రం ఇచ్చేస్తుంది. కోణం పెద్దదైతే ఏమవుతుందో డిగ్రీ పిల్లలకు బోర్డు మీద చూపించడం కష్టం. నోట్‌బుక్‌లో పట్టుమని పదిహేను లైన్లు. 30 డిగ్రీల నుంచి వదిలితే సూత్రం చెప్పినదానికంటే సుమారు 1.7 శాతం ఎక్కువ సమయం పడుతుంది. 60 డిగ్రీలకు 7 శాతం, 90కి 18 శాతం. 60 డిగ్రీల సంగతి మా పిల్లలు పక్క ల్యాబ్‌లో దారం, గుండు, స్టాప్‌వాచ్‌తో సరిచూసుకుంటారు. అంకెలు దగ్గరకు రాగానే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

అయితే ఆ ప్రోగ్రాంను ముందు అన్నిటికంటే మొరటు పద్ధతిలో, అంటే కాలాన్ని చిన్న అడుగులుగా కోసి, ప్రతి అడుగుకూ పాత విలువలతోనే కొత్త విలువలు లెక్కించే ఆయిలర్ పద్ధతిలోనే రాయిస్తాను. 0.05 సెకన్ల అడుగు పెడితే ఊగు పెరుగుతూ పోయి, లోలకం చివరికి గిర్రున తిరిగేస్తుంది. “ఏటి మేడమ్, గాలి లేదనుకున్నాం కాబట్టి ఆగకూడదు గానీ, ఇది పైపైకి ఎల్లిపోతంది!” అని ఒకమ్మాయి కంగారుపడింది. శక్తి ఎక్కడి నుంచి వస్తోందో వెతకమన్నాను. క్లాసు మొత్తం కాగితాల మీద పడ్డారు. కోణం లెక్కలో పాత వేగం తీసేసి, అప్పుడే వచ్చిన కొత్త వేగం పెడితే ఊగు అదుపులో ఉంటుంది. ప్రోగ్రాంలో మారేది ఒక్క చోటే, వేగం పక్కన అడుగు సంఖ్య చెప్పే ‘ఐ’కి 1 కలపడం. శక్తి నిత్యత్వం కంప్యూటర్‌కు తెలియదని, దాన్ని మనమే కాపాడుకోవాలని ఆ రోజు వాళ్లకు అర్థమైంది. రెడీమేడ్ ఫంక్షన్లు ఆ తర్వాతే ఇస్తాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆటుపోట్ల పాఠం. విశాఖ తీరంలో గంటగంటకూ కొలిచిన సముద్రమట్టం అంకెలు తెచ్చుకుని, పిల్లల చేత ఫోరియర్ విశ్లేషణ, అంటే అందులో ఏయే ఆవర్తన కాలాలు కలిసి ఉన్నాయో విడదీసే లెక్క, చేయిస్తాను. ముందు వారం రోజుల అంకెలే ఇస్తాను. గ్రాఫ్‌లో పన్నెండు గంటల దగ్గర ఒకే వెడల్పాటి దిబ్బ కనిపిస్తుంది. తర్వాత రెండు నెలల అంకెలు ఇస్తే అది రెండుగా చీలిపోతుంది: ఒకటి 12.42 గంటల దగ్గర చంద్రుడిది, రెండోది సరిగ్గా 12 గంటల దగ్గర సూర్యుడిది. ఆ రెండిటి విస్పందన కాలం, అంటే రెండూ ఒకసారి కలిసొచ్చి మళ్లీ కలిసిరావడానికి పట్టే సమయం, 14.77 రోజులు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ కావడం ఇదే. మత్స్యకారుల పేట జాలారిపేట నుంచి వచ్చే ఒక కుర్రాడు, “పోటు రోజూ ముప్పావుగంట పైన ఆలస్యంగా వస్తాది మేడమ్, మా నాన్న చెప్తాడు” అన్నాడు. 12.42ను రెండుతో గుణించమన్నాను. 24 గంటల 50 నిమిషాలు వచ్చింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు బోర్డు దగ్గరికొచ్చి మిగతావాళ్లకు వివరించాడు. వారం అంకెలతో ఆ రెండు శిఖరాలు ఎందుకు విడిపోవో కూడా ఆ రోజే తేలింది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు పౌనఃపున్యాలను విడదీయాలంటే కనీసం ఒక విస్పందన కాలమంతైనా వేచి చూడాలి.

ఒక జాగ్రత్త. కొలత లేని గంటల్లో ఏదో ఒక పిచ్చి అంకె నింపి ఉంటుంది. ముందు గ్రాఫ్ గీసి చూడకుండా లెక్కలోకి దిగితే అంతా పాడవుతుంది.

ఇక లోపాలు. నోట్‌బుక్‌లో ప్రోగ్రాం ముక్కలు ముక్కలుగా గడుల్లో (సెల్స్) ఉంటుంది, వాటిని ఏ వరసలోనైనా నడపొచ్చు. చెరిపేసిన గడిలోని విలువ కూడా మెమరీలో అలాగే ఉండిపోతుంది. కళ్ల ముందు సరైన జవాబే ఉంటుంది, అదే ఫైల్‌ను మర్నాడు తెరిస్తే నడవదు. ఇది మన పిల్లలకే పరిమితం కాదు. ప్రోగ్రాంలు పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోని లక్షల నోట్‌బుక్‌లను మళ్లీ నడిపి చూసిన 2019 నాటి అధ్యయనంలో, తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి నాలుగో వంతు లోపే. అందుకే కెర్నల్‌ను, అంటే వెనక ప్రోగ్రాంను నడిపే భాగాన్ని, రీస్టార్ట్ చేసి మొదటి నుంచి అన్ని గడులూ నడిపి చూపిస్తేనే నేను సంతకం పెడతాను.

తెలుగు మీడియం పిల్లలకు ఇది ఎంత మేలు చేసిందో చెప్పకుండా ఉండలేను. వివరణ గడుల్లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. పైథాన్ 3లో చరరాశులకే ‘వేగం’, ‘కోణం’ అని పేర్లు పెట్టుకోవచ్చు. అయితే ‘పెండ్యులమ్‌పొడవు’ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం దూరుతుంది. పైథాన్ దాన్ని ఒప్పుకోదు, పిల్లలకు తప్పెక్కడుందో దొరకదు. గ్రాఫ్‌ల మీద తెలుగు రాయాలంటే ఇంకా ఇబ్బంది. గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే ఫాంట్‌లో మన అక్షరాలు లేక డబ్బాలు పడతాయి. అక్షాల పేర్లు ఇంగ్లిష్‌లోనే పెట్టిస్తున్నాను.

ఇప్పుడు చాట్‌బాట్‌లు అడగ్గానే ప్రోగ్రాం రాసిస్తున్నాయి. రికార్డులో ప్రింటవుట్ అంటిస్తే మార్కులు వేసే రోజులు పోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. రన్ బటన్ నొక్కకముందే గ్రాఫ్ ఎలా వస్తుందో పెన్సిల్‌తో గీయమంటాను. వైవాలో వాళ్ల ప్రోగ్రాంలోనే ఒక అంకె మార్చి, ఇప్పుడేమవుతుందని అడుగుతాను. సొంతంగా చేసినవాళ్లు జంకరు.

ల్యాబ్‌లో పాత కంప్యూటర్లుంటే, పైథాన్‌తో పాటు ఎన్నో ప్యాకేజీలు కలిపి వచ్చే అనకొండా మొత్తం ఎక్కించకండి, చాలా బరువు. పైథాన్, జూపిటర్, లెక్కలకు నమ్‌పై, సైపై, గ్రాఫ్‌లకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ మాత్రం పెట్టుకుంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. మొదటి మెట్టుగా, పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన థోనీ వాడించండి. ఒక్కో లైనూ నడుస్తుంటే విలువలు ఎలా మారుతున్నాయో పక్కనే కనిపిస్తాయి. మాత్రికలు, విద్యుత్ వలయాలే మీ సిలబస్ అయితే సైలాబ్ అనే ఉచిత గణన సాఫ్ట్‌వేర్ కూడా మంచిదే. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రోత్సహించే ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు దానికి అండగా ఉంది, స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలూ ఉచితంగా దొరుకుతాయి. ల్యాబ్‌లో ఇద్దరికో కంప్యూటర్ ఉన్నా సరిపోతుంది. కీబోర్డు మాత్రం ప్రతి పావుగంటకూ చేతులు మారేలా చూడండి, లేదంటే ఒకరే టైప్ చేస్తూ రెండోవాళ్లు సెమిస్టరంతా చూస్తూ కూర్చుంటారు.