టేపులో ఉన్న తేదీని కంప్యూటర్ దాకా తేవడం: ఫైర్‌వైర్, విన్‌డీవీ, ఎక్సిఫ్‌టూల్ చాలాకాలం వాడాక

ఇంట్లో పాత మినీడీవీ క్యాసెట్లు (డిజిటల్ వీడియో కెమెరాల చిన్న టేపులు) ఉంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజు తీసిన తేదీ, టైమ్ టేపులోనే ఉన్నాయి. బొమ్మ మీద అంకెలు కనబడకపోయినా, కెమెరా ప్రతి ఫ్రేమ్‌తో పాటు వాటిని పక్కన రాసి పెడుతుంది. కంప్యూటర్‌కి ఎక్కించే పద్ధతిని బట్టి అవి మనతో వస్తాయి, లేదా దారిలోనే పోతాయి. మా చిన్నాయన పెళ్లి టేపును తిరుపతిలోనే ఒక స్టూడియోలో ఇచ్చి డీవీడీ చేయించుకున్నారు. బొమ్మ బాగానే వచ్చింది, తేదీ మాత్రం ఎక్కడా లేదు. అసలు టేపు బీరువాలో భద్రంగా ఉండబట్టి మళ్లీ ఎక్కించుకోగలిగాం. అందుకే డీవీడీ అయిపోయింది కదా అని టేపులు పారేయొద్దని అడిగిన వాళ్లందరికీ చెబుతుంటాను.

తేదీ రావాలంటే కెమెరాను కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కేబులే కావాలి. చాలా మోడళ్లలో కెమెరాకున్న యూఎస్‌బీ తక్కువ నాణ్యత వీడియోనే పంపుతుంది, తేదీ వివరాలు రావు. కెమెరా వైపు చిన్న నాలుగు పిన్నుల సాకెట్ ఉంటుంది, సోనీ దాన్నే ఐలింక్ అంటుంది. కంప్యూటర్ వైపు మామూలుగా ఆరు పిన్నులు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఈ సాకెట్ లేదు కాబట్టి డెస్క్‌టాప్‌లో ఆ సాకెట్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పెట్టించుకున్నాను. విండోస్ 10లో కెమెరా కనబడకపోతే కంగారు పడొద్దు. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చే లెగసీ 1394 డ్రైవర్ (1394 అంటే ఫైర్‌వైరే) వేసి, డివైస్ మేనేజర్‌లో దాన్ని ఎంచుకుంటే చాలాసార్లు దారికొస్తుంది. ఈ మొత్తం పనిలో విసిగించేది ఈ ఒక్క మెట్టే.

టేపును కంప్యూటర్‌కి ఎక్కించే విన్‌డీవీ చూడటానికి చాలా పాతకాలపు సాఫ్ట్‌వేర్. కొత్త వెర్షన్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా దీన్ని వదిలి ఇంకోదానికి వెళ్లాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. టేపు నడుస్తుండగా ఇది ఫ్రేముల్లోని తేదీ చదువుతుంది, దాన్నే ఫైలు పేరుగా పెడుతుంది. రెండు షాట్ల మధ్య టైమ్‌లో తేడా వస్తే కొత్త ఫైలు మొదలుపెడుతుంది. ఎంత తేడా వస్తే ముక్క చేయాలో సెకన్లలో మనమే చెప్పుకోవచ్చు. పేరులో సంవత్సరాన్ని నాలుగంకెలతో ముందు పెట్టి, తర్వాత నెల, రోజు, గంట వచ్చేలా సెట్ చేసుకోండి. అప్పుడు ఫోల్డర్ తెరవగానే ఫైళ్లన్నీ కాలక్రమంలో నిలబడతాయి. ఫార్మాట్ దగ్గర ఏవీఐ టైప్ 2 పెట్టుకుంటే ఎక్కువ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకుంటుంది.

దీని విలువ నాకు బాగా తెలిసింది తిరుపతి గంగమ్మ జాతర టేపుల దగ్గర. జాతరలో భక్తులు వేసే వేషాలు రోజుకొకటి మారతాయి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, అలా వరసగా వస్తాయి. మా నాయన ఒకే క్యాసెట్లో జాతర కొంత, మధ్యలో చిత్తూరులో మేనత్త వాళ్లింట్లో సీమంతం కొంత, మళ్లీ జాతర తీశాడు. మామూలుగా ఎక్కిస్తే అదంతా ఒకటే గంట ముద్ద. విన్‌డీవీలో ఏ రోజు వేషం ఆ రోజు ఫైలుగా విడిపోయింది, సీమంతం తన తేదీతో పక్కకొచ్చింది. మా జేజి ఆ తేదీలు చూసి, ఆ ఏడు జాతరకి ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంది.

ఇక్కడితో సగం పనే అయింది. ఇలా టేపు నుంచి వచ్చిన డీవీ ఫైలు గంటకి దాదాపు 13 జీబీ ఉంటుంది, ఫోన్లో పంపుకోలేం. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌తో చిన్న ఎంపీ4 చేసుకోవచ్చు (డీఇంటర్‌లేస్ ఆన్ చేయడం మరవద్దు, లేకపోతే కదిలే మనుషుల చుట్టూ గీతలు పడతాయి). కానీ అలా మార్చినప్పుడు ఫ్రేముల్లోని తేదీ పోతుంది. ఫోన్ గ్యాలరీ మీ పాత పెళ్లిని నిన్నటి వీడియోల పక్కన పెడుతుంది. ఫైళ్ల లోపలి తేదీల్లాంటి వివరాలు చదివి రాసే ఎక్సిఫ్‌టూల్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఫైలు పేరులో ఉన్న తేదీని తీసి ఎంపీ4 లోపల రాయమంటే, ఫోల్డర్ మొత్తానికి ఒకే దెబ్బలో రాసేస్తుంది. ఇది ఉచితమే, కాకపోతే కమాండ్లు టైపు చేయాలి. ఒకసారి కుదిరిన కమాండ్‌ను నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే చాలు.

ఇందులో మన దేశం వాళ్లు తప్పక చూసుకోవాల్సిన సంగతి టైమ్ తేడా. ఎంపీ4లో ఆ తేదీని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్‌లో) రాయాలని నియమం. మన టైమ్ అంతకన్నా 5:30 గంటలు ముందు. మన టైమ్‌నే మార్చకుండా రాసేస్తే సాయంత్రం 7 గంటల రిసెప్షన్ ఫోన్లో మర్నాడు రాత్రి 12:30కి కనబడుతుంది, అంటే తేదీయే మారిపోతుంది. ఎక్సిఫ్‌టూల్‌లో క్విక్‌టైమ్ యూటీసీ అనే ఆప్షన్ ఉంది. అది ఇస్తే మన టైమ్‌ను అదే సరిగ్గా మార్చి రాస్తుంది. లోపలి బటన్ బ్యాటరీ అయిపోయి గడియారం తప్పిన కెమెరాతో తీసిన టేపులైతే, తేదీ కచ్చితంగా తెలిసిన ఒక్క షాట్ పట్టుకోండి. గడియారం అంతటా ఒకే తేడాతో నడిచి ఉంటే మిగతా ఫైళ్లనూ అంతే జరపమని ఎక్సిఫ్‌టూల్‌కి చెప్పొచ్చు.

ఇక తేదీ తెర మీద కనబడాలనుకునే వాళ్ల సంగతి. బొమ్మ మీదే అంకెలు అచ్చేయడం నాకు ఇష్టం లేదు. ఒకసారి అచ్చయితే తీయలేం, ఏ మూల పెట్టినా ఎవరో ఒకరి ముఖానికి అడ్డొస్తుంది. దాని బదులు చిన్న సబ్‌టైటిల్ ఫైలు చేస్తాను. ప్రతి క్లిప్‌లో మొదటి 5 సెకన్లు తేదీ, ఊరు కనబడి పోతాయి. వీడియో పేరే దానికీ పెట్టి ఎస్ఆర్‌టీగా సేవ్ చేస్తే వీఎల్‌సీ ప్లేయర్ తనంతట తానే చూపిస్తుంది, వద్దనుకుంటే ఆపేయొచ్చు. మా టీవీలో పెన్‌డ్రైవ్ పెడితే తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి, అందుకని టీవీ కాపీకి అంకెలు మాత్రమే ఉంచాను.

వీహెచ్ఎస్, పాత 8 ఎంఎం అనలాగ్ టేపులకి మామూలుగా ఈ సౌకర్యం లేదు. తీసినవాళ్లు డేట్ బటన్ నొక్కి ఉంటేనే మూలన అంకెలుంటాయి. లేకపోతే మనమే వెతకాలి. పెళ్లి వీడియోకి శుభలేఖను మించిన ఆధారం లేదు. విక్రమ నామ సంవత్సరం అని ఉంటే 2000 ఉగాది నుంచి 2001 ఉగాది లోపు అన్నమాట, తిథి, వారం కూడా అందులోనే ఉంటాయి. జాతర టేపైతే ఏ వేషమో చూసి ఎన్నో రోజో చెప్పొచ్చు, ఏ సంవత్సరమో పెద్దవాళ్లు చెప్పాలి. అందుకే ముందు అనలాగ్ టేపులతో మొదలుపెట్టమంటాను. మినీడీవీలో తేదీ టేపులోనే ఉంది, కొంచెం ఆలస్యమైనా దొరుకుతుంది. వీహెచ్ఎస్ తేదీలు మన ఇంటి పెద్దల జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కించండి, వాళ్లు చెప్పిన పేర్లూ సంవత్సరాలూ అప్పటికప్పుడే ఫైలు పేరులో రాసేయండి.