ఫ్రిజ్ మంచిదే, దాంతో వచ్చిన తీగతోనే గొడవంతా

కారులో పెట్టుకెళ్లే చిన్న ఫ్రిజ్‌ను మూడు వేసవులు వాడాక రాస్తున్నాను. లీటర్లు, వాట్లు అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవల్లా ఒక తీగతో. ఫ్రిజ్‌తో పాటు ఇచ్చే, కారు ఛార్జర్ సాకెట్‌లో గుచ్చే ఆ సన్నటి నల్ల తీగ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మేం ఈ కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నది మామయ్య గారి ఇన్సులిన్ కోసం. అంతకుముందు కంప్రెసర్ లేని చవక రకం కూలర్ డబ్బా ఉండేది. బయటి వేడి కంటే 15, 20 డిగ్రీలు తగ్గించడమే దాని చేతనయ్యేది. మే నెలలో డిక్కీలోనే 40 డిగ్రీలుంటే ఇక అదేం చల్లబరుస్తుంది? సీలు తీయని ఇన్సులిన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ ఫ్రిజ్ వచ్చాక ఆ టెన్షన్ పోయింది. అనంతగిరికి వెళ్లాం, లక్నవరం వెళ్లాం, పాలు విరగలేదు, పెరుగు పులవలేదు. అసలు మోతే లేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. ఆ రెండుచోట్లా టెంట్ పక్కనే ప్లగ్ పాయింట్ ఉందన్న సంగతి, అంటే రాత్రి కారు బ్యాటరీతో పనే పడలేదన్న సంగతి అప్పట్లో పట్టించుకోలేదు.

పోయిన మార్చిలో సోమశిలలో కృష్ణ ఒడ్డున ఒక రాత్రి ఉండి, మర్నాడు సాయంత్రం శ్రీశైలం బయల్దేరాం. అచ్చంపేట దగ్గర టైరు పంక్చరైంది. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం కదా, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. మూసేసిన టీ కొట్టు పక్కన కారు ఆపి అందులోనే పడుకున్నాం. మా కారులో ఇంజిన్ ఆపినా సాకెట్‌కు కరెంటు వస్తుంది. చాలా కార్లలో రాదు, మీది ముందే చూసుకోండి. మాకు వస్తుంది కాబట్టి ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుందని ధీమాగా ఉన్నాం.

నాలుగున్నరకు పాప నీళ్లడిగితే మూత తీశాను. ఎప్పుడూ చేతికి తగిలే చల్లదనం తగల్లేదు. డిస్‌ప్లే మీద 13, పక్కన ఎర్రలైటు. పెన్నుల అట్టడబ్బా చెమ్మపట్టి మెత్తబడిపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మామయ్య గారే లేచి, "ఏం కాదులే అమ్మా, వాడే పెన్ను బయటే ఉంచుకుంటున్నాం కదా" అన్నారు. డాక్టరు గారు కూడా తర్వాత, పాడవలేదు, ముందు వాటినే వాడెయ్యమన్నారు. కానీ ఆ గంటన్నర నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఆరింటికి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఫ్రిజ్ దానంతటదే మళ్లీ మొదలైంది.

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే తెచ్చి ఇచ్చెయ్యమన్నారు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. మా ఆయన వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాక విషయం బయటపడింది. కారు బ్యాటరీ మొత్తం దిగిపోకుండా ఈ ఫ్రిజ్‌లలో మూడు స్థాయిల సెట్టింగ్ ఉంటుంది. మాది కొన్నప్పటి నుంచి హై మీదే ఉంది. మా దాంట్లో హై అంటే 11.8 వోల్టులకు పడితే ఆగిపోతుంది, మళ్లీ 12.6 వస్తే గాని మొదలవదు. కంప్రెసర్ తిరిగేటప్పుడు దగ్గరదగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటంతా సన్న తీగలో, వదులు సాకెట్‌లో నుంచి రావాలి, దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే ఫ్రిజ్ డిస్‌ప్లే 11.7 చూపించింది. బ్యాటరీ బాగానే ఉన్నా, ఫ్రిజ్ లెక్కలో అది అయిపోయినట్టే. ఒకసారి ఆగాక, ఇంజిన్ నడవకుండా 12.6 ఎక్కణ్నుంచి వస్తుంది?

రాణిగంజ్‌లో 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు కొని, ఆటో ఎలక్ట్రీషియన్ చేత బ్యాటరీ నుంచి నేరుగా డిక్కీ దాకా వేయించాం. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌ను ఆనుకునే ఉండాలని గట్టిగా పట్టుబట్టండి. లేకపోతే తీగ ఎక్కడైనా రాసుకుని షార్ట్ అయితే మంటలు లేవొచ్చు. ఇప్పుడు బ్యాటరీ దగ్గరికీ ఫ్రిజ్ దగ్గరికీ తేడా 0.1, 0.2 వోల్టులే. సెట్టింగ్ కూడా, వోల్టేజీ ఇంకాస్త తగ్గేదాకా ఆగకుండా నడిచే మీడియంలో పెట్టాం. ఆ తర్వాత కోట్‌పల్లి చెరువు దగ్గర రాత్రంతా నడిచింది, పొద్దున్నే కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అయితే అది ఒక్క రాత్రి మాటే. కారు కదలకుండా రెండు రాత్రులుంటే విడిగా బ్యాటరీ కావాలి. మా బండి రోజూ తిరుగుతుంది కాబట్టి మేం తీసుకోలేదు.

మోత లేదన్నది కారులో ఉన్నంతవరకే. టెంట్‌లో తల పక్కన పెట్టుకుంటే, ఆగి మొదలైనప్పుడల్లా మెలకువ వస్తుంది. ఇంకోటి, 4 డిగ్రీలు పెట్టినా లోపలంతా 4 ఉండదు. అడుగున గోడకు ఆనుకున్న కీరా గడ్డకట్టి కత్తి దిగలేదు. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పారేయాల్సిందే. అందుకని పెన్నులు పై అరలో, మందపాటి గుడ్డ చుట్టి, పక్కన చిన్న థర్మామీటర్ పెట్టి ఉంచుతున్నాను.

మా ఇంట్లో ఇన్సులిన్ ఉంది, నెలకోసారైనా బయటికి పోతాం, కాబట్టి మాకు పెట్టిన డబ్బు దండగ కాలేదు. ఏడాదికి రెండుసార్లు కూల్‌డ్రింకులు, చికెన్ పట్టుకెళ్లేవాళ్లకు మంచి ఐస్‌బాక్స్ చాలనుకుంటాను. కొనేటట్టయితే మాత్రం డిస్‌ప్లే మీద వోల్టేజీ చూపిస్తుందో లేదో షాపులోనే అడగండి. మాది చూపించకపోయుంటే, తప్పు ఫ్రిజ్‌దే అనుకుని ఎప్పుడో అమ్మేసేవాళ్లం.