కఖేతిలో ఇంటి వైన్: మూత తీసి చూపించమని అడగండి

జార్జియా రాజధాని టిబిలిసి పాతబస్తీలో గొడుగు కింద టేబుల్ వేసుకుని కూర్చునే టూరు వాళ్ళకి తలకి 85 లారీలు కట్టాం. నలుగురికి 340. "మూడు కుటుంబ వైనరీలు, పదకొండు రకాల వైన్లు, రుచి చూడటం ఉచితం, ఇండియన్ లంచ్" అని బోర్డు. ఇక్కడ జార్జియా అంటే అట్లాంటా ఉన్న జార్జియా కాదు, కాకసస్ కొండల కింది దేశం. దాని తూర్పున వైన్‌కి పేరున్న ప్రాంతం కఖేతి, టూరు అక్కడికే. లారీ అంటే అక్కడి డబ్బు, మేం వెళ్ళినప్పుడు సుమారు 32 రూపాయలు. దుబాయ్ నుంచి మూడున్నర గంటల విమానం కాబట్టి గల్ఫ్‌లో ఉండే మనవాళ్ళు తెగ వెళ్తున్నారు. బోర్డు మీద ఇండియన్ లంచ్ అని రాసింది అందుకే.

పన్నెండు గంటల టూరులో ఆరు గంటలు మినీబస్సులోనే. రొట్టె కాల్చే చోట ఇరవై నిమిషాలు ఆపారు, అదొక్కటే నిజాయితీగా జరిగింది. తర్వాత "తాతల నాటి మరాని" అని ఒక మేడ కింది గదికి తీసుకెళ్ళారు. మరాని అంటే నేలలో పాతిన పెద్ద మట్టి జాడీల్లో వైన్ చేసే గది. సిమెంటు నేల మీద వరసగా ఆరు మట్టి మూతులు, వాటి మీద చెక్క మూతలు, పక్కన ఫొటోలకి గొర్రెతోలు టోపీ. ప్లాస్టిక్ కప్పుల్లో పోసిన వైన్ దగ్గుమందు మోతాదంత ఉంది. మా బావగారు ఒక మూత ఎత్తి చూస్తే లోపల రెండడుగుల కింద సిమెంటు. అంచు మాత్రమే మట్టిది, కింద జాడీయే లేదు. గైడ్ నవ్వేసి అందర్నీ దుకాణంలోకి తోలాడు. అక్కడ 75 లారీలు చెప్పిన కింద్జ్‌మరౌలి సీసా మర్నాడు టిబిలిసి సూపర్‌మార్కెట్లో 29కి కనిపించింది, అదే లేబుల్. అది చూశాక బావగారు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

కింద్జ్‌మరౌలి చెడ్డదేం కాదు. క్వరేలి ప్రాంతంలో సపెరవి ద్రాక్షతో చేసే ఎర్రటి, కాస్త తియ్యటి వైన్. పంచదార కలపరు, రసంలో తీపి మిగిలి ఉండగానే చల్లబరిచి పులియడం ఆపేస్తారు. అంటే చల్లబరిచే ట్యాంకులు, మళ్ళీ పులియకుండా గట్టి వడపోత కావాలి. ఆ సరంజామా ఏదీ కనిపించని చోట తియ్యటి సీసాని "మా తాత చేసే పద్ధతి" అని అమ్ముతుంటే అది వేరే ఫ్యాక్టరీ సరుకే అనుకోవచ్చు. మనవాళ్ళకి తీపి నచ్చుతుందని ముందు దాన్నే పోస్తారు.

రెండో రోజు నుంచి సొంతంగా తిరిగాం. కఖేతిలోని తెలావిలో మకాం పెట్టి, ఊరి డ్రైవర్‌కి రోజుకి 220 లారీలు ఇచ్చాం. ఇంటి మరానిలో రుచి చూడటానికి తలకి 40. అంటే రోజుకి నలుగురికి 380, టూరు కంటే మనిషికి పది లారీలు ఎక్కువ, అంతే. సిగ్నాగి అనే ఊరు ఫొటోలకి బావుంటుంది, 18వ శతాబ్దపు కోటగోడ, కింద అలజాని లోయ. కానీ గది అద్దెలో సగం ఆ కిటికీకే కడతాం: మా గది 240 లారీలు, వేడినీళ్ళు మాత్రం ఒక బకెట్‌తో సరి. తెలావిలో పెరటి ద్రాక్షపందిరి ఉన్న గెస్ట్‌హౌస్ ఇద్దరికి 110, టిఫినుతో కలిపి. అలవెర్ది మఠం, నపరెయులి, వెలిస్త్సిఖే ఊళ్ళు అన్నీ అక్కణ్ణుంచి అరగంట అటూ ఇటూ. టిబిలిసి నుంచి తెలావికి గొంబోరి కనుమ మీదుగా దగ్గర దారే, కాకపోతే మలుపులు ఎక్కువ. కడుపులో తిప్పే వాళ్ళుంటే గుర్జాని వైపు చుట్టుదారి మేలు.

వెలిస్త్సిఖేలో మేం వెళ్ళిన ఇంటికి బోర్డు కూడా లేదు. గేటు తీస్తే కోళ్ళు, ట్రాక్టరు, దాని వెనక మరాని. నేల మీద మూతులు తప్ప ఏమీ కనపడవు. మనకి ధాన్యం పాతరలు ఉండేవే, అలా నేలలో పాతేసిన కోడిగుడ్డు ఆకారపు పెద్ద మట్టి జాడీ పేరు క్వెవ్రి. ఇళ్ళలో ఎక్కువగా వెయ్యి, రెండు వేల లీటర్లవి వాడతారు. చక్రం మీద తిప్పరు, మట్టి చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి రోజుకి కొంచెం చొప్పున వారాల తరబడి లేపుతారు. కాల్చాక ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. ఆ మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకాలి. ఎక్కడైనా పలచబడితే వైన్ అక్కడ పట్టుకుని పాడవుతుంది, కడగడమూ కుదరదు.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ర్త్వెలి, అంటే ద్రాక్ష కోత. పెద్ద చెక్కతొట్టిలో కాళ్ళతో తొక్కి, రసంతో పాటు తొక్కలు, గింజలు, తొడిమలు కూడా క్వెవ్రిలో వేసేస్తారు. ఈ పిప్పికి చాచా అని పేరు. బయటి ఈస్ట్ వెయ్యరు, పండు మీదున్నదే పని చేస్తుంది. పులిసేటప్పుడు పిప్పి పైకి తేలి తెప్ప కడుతుంది. దాన్ని కర్రతో రోజుకి మూడు నాలుగుసార్లు కిందికి అదమాలి. ఒక్కరోజు బద్ధకిస్తే పైన ఎండి, గాలి తగిలి వెనిగర్ అవుతుంది. పొంగు తగ్గాక నిండా నింపి, రాతిపలక పెట్టి, తడిమట్టితో అంచులు మెత్తి వదిలేస్తారు. మళ్ళీ తెరిచేది వసంతంలోనే. ఈలోపు గింజలు జాడీ కొసలోకి జారతాయి, వాటి మీద ఈస్ట్ మడ్డి దుప్పటిలా పరుచుకుంటుంది, చేదు పైకి రాదు. ఆ గుడ్డు ఆకారం అందుకే.

ఆ ఇంటి పెద్దాయన మా ముందే ఒకటి తెరిచాడు. ముందు చీపురుతో చుట్టూ ఊడ్చాడు. ఎండి పగిలిన మట్టిని కత్తితో గీరి, ఒక్క పెళ్ళ కూడా లోపల పడకుండా తడిగుడ్డతో తుడిచి, అప్పుడు పలక జరిపాడు. గుప్పున ఎండు నేరేడు, వాల్‌నట్ తొక్క వాసన. పొడుగాటి కర్రకి కట్టిన ఎండిన సొరబుర్ర ముంచి తోడాడు. దాన్ని ఓర్షిమో అంటారు. కల్లుకి మన గీతకార్మికులు సొరబుర్ర వాడినట్టే. గాజుగ్లాసులో పడింది తెల్లద్రాక్ష వైనే, కానీ రంగు ముదురు తేనె. ఆరు నెలలు తొక్కలతో నానితే ర్కత్సితెలి అనే ఆ తెల్లద్రాక్ష రసం అలాగే అవుతుంది. నోరు కాస్త వగరుగా పట్టేస్తుంది. మొదటి గుటకకి మొహం చిట్లించిన వదిన వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ తిన్నాక రెండో గ్లాసు తనే అడిగింది.

ఖాళీ అయిన క్వెవ్రిని కడగడమే అసలు చాకిరీ. చెర్రీచెట్టు బెరడు పొరల్ని గుత్తిగా కట్టి పొడుగు కర్రకి తగిలిస్తారు, దాంతో గోడలు రుద్ది నీళ్ళు తోడెయ్యడం, మళ్ళీ రుద్దడం. తోడిన నీళ్ళు తాగేంత తేటగా వచ్చేదాకా ఆపరు. తర్వాత గంధకం పొగ. సరిగ్గా కడగని జాడీలో వైన్ బూజు వాసనో, వెనిగర్ ఘాటో కొడుతుంది. అలాంటిది పోసి "సహజ వైన్ అంటే ఇలాగే ఉంటుంది" అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, నమ్మకండి. వగరు వేరు, పాడైన వాసన వేరు.

ఈ ఇళ్ళు సీసాల్లో పోసి అమ్మడం మాత్రం కొత్త సంగతి. త్రవ్వకాల్లో బయటపడిన ఆనవాళ్ళ ప్రకారం జార్జియాలో వైన్ వయసు 8000 ఏళ్ళు. సోవియట్ రోజుల్లో తోటలు సమష్టి క్షేత్రాల్లోకి, ద్రాక్ష ప్రభుత్వ ఫ్యాక్టరీలకి వెళ్ళాయి. ఇంటి అవసరానికి పెరట్లో పాతిన జాడీలే మిగిలాయి. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలు పీకేశారు. 2006లో రష్యా జార్జియా వైన్‌ని నిషేధించింది, 2013 దాకా ఎత్తలేదు. పెద్ద బేరం పోయాక నాణ్యత చూసే వేరే దేశాల కొనుగోలుదార్లని వెతుక్కోవాల్సి వచ్చింది. 2013లోనే క్వెవ్రి పద్ధతికి యునెస్కో గుర్తింపు దక్కింది.

పేరున్న ఇళ్ళ కథలు కూడా వినదగ్గవే. సిగ్నాగిలో ఫెజెంట్స్ టియర్స్ ఉంది. జాన్ వుర్డెమన్ అనే అమెరికన్ చిత్రకారుడు ద్రాక్షతోటలో బొమ్మ వేసుకుంటుంటే ట్రాక్టరు మీద వచ్చిన గెలా పతలిశ్విలి భోజనానికి పిలిచాడట, 2007లో ఇద్దరూ కలిసి వైనరీ పెట్టారు. నపరెయులిలో గంత్కిత్సులశ్విలి కవల సోదరులది. మనిషి లోపలికి నడిచి వెళ్ళగలిగే క్వెవ్రి కట్టి మ్యూజియం పెట్టారు. పిల్లలుంటే అక్కడికే వెళ్ళండి. టిబిలిసి నుంచి ఒక్క పూటలో చూసి రావాలంటే కఖేతి అక్కర్లేదు, మ్త్స్‌ఖెత దాటాక చర్దఖి ఊళ్ళో ఇయాగో బితరిశ్విలి చినురి ద్రాక్షతో చేస్తాడు. ఆయన భార్య మరీనా కుర్తనిద్జె స్నేహితురాలితో కలిసి సొంతంగా వైన్ మొదలుపెట్టి మందిలి అని పేరు పెట్టింది. మందిలి అంటే ఆడవాళ్ళ తలగుడ్డ. కొట్టుకునే మగవాళ్ళ మధ్య ఆడమనిషి దాన్ని విసిరితే కత్తులు దించాలని అక్కడి ఆచారం. ఇలాంటి చోట్లకి రెండు రోజుల ముందు మెసేజ్ పెట్టాలి. చెప్పకుండా వెళ్తే తోటలో పనిలో ఉంటారు, తప్పు మనదే.

శాకాహారులకి భయం లేదు. మట్టిపిడతలో లోబియో (చిక్కుడుగింజల కూర), వాల్‌నట్ వంకాయ, టమాటా దోసకాయ ముక్కలు, చీజ్ పెట్టిన ఖచపురి. పురి అంటే అక్కడ రొట్టె, మన పూరీతో సంబంధం లేదు. కారం చాలకపోతే అజిక (మిరపకాయ పచ్చడి) అడగండి. టూరు వాడి ఇండియన్ లంచ్ పప్పు పసుపునీళ్ళలా ఉంది, దాని జోలికి పోవద్దు. చుర్చ్‌ఖేలా తప్పకుండా కొనండి: దారానికి గుచ్చిన వాల్‌నట్లని పిండి కలిపి చిక్కబరిచిన ద్రాక్షరసంలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచుతారు. ఆత్రేయపురం తాండ్రలా పొర మీద పొర. దారి పక్కన 4 లారీలు, టూరు దుకాణంలో 8. నొక్కితే కాస్త మెత్తగా ఉండాలి, రాయిలా ఉంటే పాతది.

భోజనం చివర పోసే తెల్లటి చాచా ఆ పిప్పిని బట్టీ పట్టిన సారా, ఇళ్ళలో చేసేది తరచు 50 శాతం పైనే ఉంటుంది. ఎండలో తిరగాల్సిన రోజు ఒక్క గ్లాసు దగ్గర ఆగండి. పోసిన ప్రతిసారీ తాగనక్కర్లేదు, గ్లాసు నిండుగా ఉంచేస్తే మళ్ళీ పొయ్యరు. అలవెర్ది మఠంలో సన్యాసులు కూడా క్వెవ్రి వైన్ చేస్తారు. గుడిలోకి ఆడవాళ్ళకి తలగుడ్డ, లంగా ఉండాలి, గేటు దగ్గర అరువిస్తారు.

మరాని ఉన్న ఇంటి దగ్గర మేం కొన్న సీసా 35 లారీలు. ప్లాస్టిక్ బాటిల్లో లీటరు 10కే ఇస్తామంటారు, గెస్ట్‌హౌస్‌లో ఆ రాత్రే తాగేట్టయితే తీసుకోండి, విమానానికి వద్దు. మూత వదులై కారుతుంది, లేబుల్ లేకపోతే కస్టమ్స్‌లో జవాబు చెప్పుకోవాలి. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు: 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలు రెండు, అరలీటరు చాచా ఒకటి, సరిగ్గా సరిపోయాయి. మూడింటినీ చెక్-ఇన్ పెట్టెలో జీన్స్ కాళ్ళలో దూర్చి, మడమ వైపు ముడివేశాం.