పురాణ రథాల పందెం కామిక్‌కి ముందే డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

దసరా ముందు ఇన్‌స్టాలో తెగ తిరిగిన రథాల పందెం కామిక్ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకాశంలో రథాలు, చుట్టూ నాగులు, గంధర్వులు, పగ్గాలు పట్టినవాళ్లంతా ఆడవాళ్లు. నేను మూడు సెట్లు బుక్ చేశాను: ఒకటి నాకు, రెండు మా అక్క కూతుళ్లకి. సెట్టు 1,499 చొప్పున 4,497 రూపాయలు. దసరాకి ఇస్తామన్నది సంక్రాంతి కనుమ కూడా వెళ్లాక వచ్చింది. ఆలస్యం గురించి కాదు ఈ పోస్టు. వచ్చిందేమిటో చెప్పడానికి. అమ్మినవాళ్ల పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. గుర్తులు చెబుతాను, మీరే పోల్చుకోండి.

ఎందుకు పడ్డానంటే, ఆ ఊహ నిజంగా బాగుంది. మన పురాణాల్లో పందేలకి, రథాలకి కొదవా? ఉచ్చైశ్శ్రవమనే దేవతల గుర్రం తోక తెలుపా నలుపా అని కద్రువ, వినత పందెం కట్టి దాస్యం దాకా వెళ్లారు. అర్జునుడితో వెళ్లేటప్పుడు సుభద్రే రథం తోలిందని చెప్పుకుంటాం. ఇరుసు శీల ఊడితే కైక వేలు దూర్చి రథం నిలబెట్టిందని మా అమ్మమ్మ చెప్పేది. ఇక దమయంతి సంగతి. మారువేషంలో ఉన్న నలుణ్ని బయటికి లాగడానికి ఒక్క రోజులో అయోధ్య నుంచి విదర్భకి రథం రావాల్సిన పరిస్థితి తెచ్చిపెట్టింది. దారిలో, నలుడు తోలుతున్న రథంలో కూర్చున్న అయోధ్య రాజు ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపడితే, ఆపమనేలోపే అది ఆమడ దూరం వెనకబడిపోయింది. చివరికి రథం చప్పుడు విని దమయంతి గుర్తుపట్టింది, తోలేది నలుడేనని. కారు రేసు సినిమాలు తీసేవాళ్లకి కూడా తట్టని దృశ్యం ఇది. వీళ్లందరినీ ఒకే పందెంలో దింపుతామంటే చెయ్యి ఆగుతుందా? నాకు ఆగలేదు.

నమూనాగా పెట్టిన నాలుగు పేజీలు అద్భుతం. వినత కళ్లల్లో ఆ కంగారు, గుర్రాల డెక్కల కింద మబ్బు చెదరడం, ఎవరో చేత్తో వేసినట్టే ఉంది. కుడివైపు కింద మూల చిన్న సంతకం కూడా ఉంది. ఈ సంతకం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పుస్తకం వచ్చింది. 48 పేజీలు అన్నారు. అట్టలు కాక 32. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి, తగ్గుతాయి. కాబట్టి లెక్క తప్పడం కాదిది, నాలుగు షీట్లు, అంటే పదహారు పేజీలు లేపేశారు. ఆ 32లో ఆరు పేజీలు పోస్టర్లలాంటి బొమ్మలే, కథ లేదు.

బొమ్మలు నమూనాతో ఏ పోలికా లేవు. సూర్యరథానికి ఏడు గుర్రాలని మన ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఇందులో మూడో పేజీలో ఏడు, తిప్పితే అయిదు, ఇంకోచోట ఎనిమిది తలలు, వాటికి సరిపడా కాళ్లు లేవు. రథానికి ఒకచోట ఒకే చక్రం (అది సరైనదే), పక్క బొమ్మలో నాలుగు. అన్నిటికంటే నవ్వొచ్చింది సారథి అరుణుడు. ఆయన పేరే అనూరుడు, తొడలు లేకుండా పుట్టినవాడు. ఇందులో రథం మీద పొడుగాటి కాళ్లతో కమాండోలా నిలబడ్డాడు. కొత్త ఊహ అనుకుందామంటే, కింద మాటల్లో మాత్రం ‘తొడలు లేని అరుణుడు’ అనే రాశారు! మనిషి వేసిన బొమ్మయితే పేజీ పేజీకీ గుర్రాలు ఇలా మారవు. సుభద్ర ఎడమ చేతికి ఆరు వేళ్లు కూడా లెక్కపెట్టుకున్నాను. చేత్తో వేసిన కామిక్ అని అమ్మారు, ఏఐ బొమ్మలు అని ఎక్కడా చెప్పలేదు. చెప్పి అమ్మితే ఎవరిష్టం వాళ్లది.

నేను పదిహేనేళ్లుగా డీటీపీ పని (అచ్చుకి వెళ్లే పేజీలు కంప్యూటర్లో కూర్చడం) చేస్తున్నాను కాబట్టి నాకు కడుపు మండింది అక్షరాల దగ్గర. బెలూన్లలో తెలుగు మొత్తం విరిగిపోయింది. ‘గుర్రం’ ఉండాల్సినచోట ‘గుర్‌రం’, ‘పగ్గాలు’ కాస్తా ‘పగ్‌గాలు’, ‘సుభద్ర’ పాపం ‘సుభద్‌ర’. ఇది ఎలా జరుగుతుందో మా పనివాళ్లకి తెలుసు: యూనికోడ్ తెలుగుని భారతీయ భాషల సెట్టింగ్ వేయని పేజీలో అతికిస్తే వత్తులు కిందకి దిగవు, పొల్లుతో పక్కనే నిలబడతాయి. ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోయేది. అంటే ప్రెస్సుకి పంపేముందు తెలుగు చదివే మనిషి ఒక్కసారి కూడా ఈ పుస్తకం చూడలేదన్నమాట. పెద్దది ఎలాగో చదివింది. చిన్నది ఎనిమిదేళ్లది, రెండు పేజీలు కూడబలుక్కుని ‘పిన్నీ, ఇది తెలుగేనా’ అంది.

ఇప్పుడు సంతకం. పుస్తకం మొత్తం వెతికాను, ఏ బొమ్మ మూలనా లేదు. చిత్రకారుల పేరు లేదు, అచ్చేసిన ప్రెస్సు పేరు లేదు, పుస్తకాలకి ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ లేదు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, తీసుకోకపోతే నేరమేం కాదు. కానీ బొమ్మలేసినవాళ్ల పేరు వేయని కామిక్ నేనింతవరకు కొనలేదు. ఆ నాలుగు పేజీలు ఎవరివో, వాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో.

మెయిల్ పెడితే ‘ఇది మా సృజనాత్మక దృష్టి, ప్రీ ఆర్డర్లకి రిఫండ్ ఉండదు’ అని రెండు ముక్కలు. పేజీల లెక్క మళ్లీ అడిగితే జవాబు లేదు.

నా తప్పు కూడా చెప్పాలి. డబ్బు క్యూఆర్ కోడ్‌కి కట్టాను. స్కాన్ చేస్తే సంస్థ పేరు కాదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. ‘చిన్న పబ్లిషర్లు కదా, ఇంకా కరెంట్ ఖాతా తెరవలేదేమో’ అని నేనే సర్దిచెప్పుకున్నాను. బ్యాంకుకి వెళితే, మీ పిన్ కొట్టి మీరే పంపారు, సరుకు బాగాలేదంటే అమ్మినవాళ్లతో తేల్చుకోండి అన్నారు. క్రెడిట్ కార్డుతో కట్టుంటే కనీసం చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే దారుండేది.

ఇప్పుడు చేసిందేమిటంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడారు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, పేజీల ఫొటోలు పెట్టమన్నారు. 48 పేజీలు అని ఉన్న పాత ప్రకటన తీసిపెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని, ఎందుకంటే వాళ్లు ఇప్పుడు దాన్ని ‘32+’ అని మార్చేశారు. 2020 ఈ-కామర్స్ (ఆన్‌లైన్ అమ్మకాల) నిబంధనల ప్రకారం అమ్మినవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అయిదు లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. 4,497 కోసం అంత అవసరమా అని మా ఆయన అడుగుతున్నారు. అవసరమే.

మీరు ఇలాంటిది ఏదైనా కొనాలనుకుంటే, అట్ట బొమ్మ కాదు, లోపలి పేజీ ఒకటి అడగండి. తెలుగు బెలూన్ ఉన్న పేజీ. బొమ్మలెవరివో పేరు అడగండి, ఆ పేరుతో వాళ్ల పాత పనులు వెతకండి. పేరు చెప్పడానికి నసిగితే అక్కడే ఆగిపోండి. సొంతంగా కామిక్స్ వేసే పిల్లలు మనవాళ్లలో ఉన్నారు, అడిగితే సంతోషంగా అన్నీ చూపిస్తారు. వాళ్లని ఈ గంపలో వేయకండి.

మొన్న ఆదివారం నుంచి రెండో భాగానికి బుకింగ్ మొదలుపెట్టారు. ఈసారి గరుత్మంతుడి మీద సత్యభామ, సెట్టు 1,899. ప్రకటనలో బొమ్మ మళ్లీ అద్భుతంగా ఉంది. క్యూఆర్ స్కాన్ చేసి చూశాను, అదే మనిషి పేరు.