రెండు వేల రూపాయల ‘4కే’ డ్యాష్‌క్యామ్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఎండాకాలంలో కారేసుకుని దూరాలు వెళ్లేవాళ్లకే ఈ మాట. ఆన్‌లైన్‌లో రెండు వేలకు ‘4కే డ్యాష్‌క్యామ్’ (కారు ముందద్దానికి అంటించి, రోడ్డును వీడియో తీసే కెమెరా) కనిపించిందని వెంటనే ఆర్డర్ పెట్టేయకండి. నేను కొన్నది తిరుపతి నుంచి హైదరాబాద్ చేరకముందే చేతులెత్తేసింది.

తెల్లవారకముందే బయలుదేరాం. రేణిగుంట దాటి బాలుపల్లి అడవిలో పోతుంటే ఒక లారీ ఓవర్‌టేక్ చేస్తూ మా సైడ్ అద్దాన్ని గీరేసి ఆగకుండా పోయింది. పోతే పోయింది, వీడియో ఉందిలే అనుకున్నాం. కడపలో టిఫిన్ దగ్గర ఫోన్‌లో చూస్తే లారీ ఉంది, వెనక రాసిన ‘హారన్ ప్లీజ్’ కూడా ఉంది. నంబర్ ప్లేటు మాత్రం మా హెడ్‌లైట్ వెలుగు పడి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది! పెట్టెలోని కాగితం తీస్తే చిన్న అక్షరాల్లో ‘4కే ఇంటర్‌పోలేషన్’ అని ఉంది. నిజమైన 4కేకి 3840×2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు కావాలి. ఇందులో ఉన్నది 20 లక్షల పిక్సెళ్ల ఫుల్ హెచ్‌డీ సెన్సర్ (బొమ్మను పట్టే భాగం). ఆ బొమ్మనే సాగదీసి 4కే అంటున్నారు.

అసలు తంటా నంద్యాలలో. భోజనం చేసి, ఎండలో పెట్టిన కారు దగ్గరికొస్తే కెమెరా వెనక మూత ఉబ్బి, అతుకు దగ్గర గోరు దూరేంత సందు పడింది. లోపల లిథియం బ్యాటరీ ఉబ్బిపోయింది. మూసిన కారులో అద్దం వెనక ఆ వేడికి ఇవి తట్టుకోవు. అక్కడికక్కడే పీకేశాను. ఇలా ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లో దాచకండి, మంటలు రావచ్చు.

కొనాలనుకుంటే వివరాల్లో బ్యాటరీ బదులు ‘సూపర్ కెపాసిటర్’ (కాసేపటికి సరిపడా కరెంటును దాచుకునే భాగం) అని ఉందా చూడండి. కారు ఆపగానే చివరి ఫైల్ సేవ్ కావడానికి అది చాలు, వేడికీ ఓర్చుకుంటుంది. 4కే అని రాశారా లేదా అన్నదానికంటే సెన్సర్ పేరు ముఖ్యం. సోనీ స్టార్విస్ లాంటివి చీకట్లో కాస్త నయం. ఉచితంగా ఇచ్చే మెమరీ కార్డును నమ్మొద్దు. పాతదాని మీదే మళ్లీ మళ్లీ రికార్డయ్యే పని కాబట్టి అలాంటి వాడకాన్ని తట్టుకునేలా చేసిన ‘హై ఎండ్యూరెన్స్’ కార్డు విడిగా కొనుక్కోవాలి. రిటర్న్ గడువులోపే ఒక రాత్రి అలిపిరి రోడ్డులో తిరిగొచ్చి, ముందు వెళ్లే బండి నంబర్ వీడియోలో చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే “ఎండలో పెట్టకూడదు సార్” అన్నారు. కారు అద్దానికి అంటించే వస్తువుకి ఇదేం షరతో! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోటోలతో ఫిర్యాదు పెట్టాను. డబ్బు ఇంకా రాలేదు.